తవ్వగలిగినంత కాదు, కోయగలిగినంత

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ దగ్గర అలాట్‌మెంట్, అంటే అద్దెకిచ్చే కూరగాయల మడి, తీసుకుందామనుకునే మనవాళ్ళు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ తవ్వకం గురించే. "అంత నేల మనం తవ్వగలమా అండీ?" అని. తవ్వగలరు. మార్చి చలిలో ఒళ్ళు వేడెక్కుతుందని హుషారుగానే తవ్వుతారు. ఏప్రిల్‌లో విత్తనాలు పెట్టడం పిల్లలకి కూడా సరదా. మేలో పొద్దు ఎంతకీ గూకదు కాబట్టి ఆఫీసు అయ్యాక కూడా ఓ రెండు గంటలు అక్కడ గడిపి వస్తారు. చేతులెత్తేసేది జూలై నెలాఖరులో. పంట పోయి కాదు, విరగకాసి.

అందుకే నేను చెప్పేదొకటే. మడి ఎంత ఉండాలన్నది వసంతంలో ఎంత తవ్వగలం అన్న లెక్కతో తేల్చకూడదు. ఆగస్టు మొదటి వారంలో ఎంత కోయగలం, కోసినదాంట్లో ఎంత వండగలం, మిగిలింది ఎవరికి పంచగలం అన్న లెక్కతో తేల్చాలి. ఆ లెక్కన చాలామందికి సగం మడి చాలు. ఈ మాట అంటే మా సైట్లో, అంటే మా మడులన్నీ ఉన్న స్థలంలో, పాతకాపులు కొందరికి కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. దాని సంగతి తర్వాత.

అలాట్‌మెంట్ సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. ఊరి అంచునో, రైలు పట్టాల వెంబడో ఉన్న స్థలాన్ని ముక్కలు చేసి, కూరగాయలు పండించుకోమని జనానికి అద్దెకిస్తారు. అద్దె చాలాచోట్ల ఏడాదికి కొన్ని పదుల పౌండ్లు, కొన్నిచోట్ల వంద దాటుతుంది. డబ్బు కంటే పెద్ద అడ్డంకి వెయిటింగ్ లిస్టు. చాలా ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఆగాలి. దీని వెనక గట్టి చట్టమే ఉంది. గిరాకీ ఉన్నచోట మడులు చూపించే బాధ్యతను 1908 నాటి చట్టం స్థానిక కౌన్సిళ్ళ మీద పెట్టింది. ఓటర్లో, పన్ను కట్టేవాళ్ళో ఆరుగురు కలిసి రాసిస్తే కౌన్సిల్ దాన్ని పట్టించుకుని తీరాలి. 1922 చట్టం ప్రకారం మడిలో ప్రధానంగా పండించాల్సింది సాగుదారూ ఇంటిల్లిపాదీ తినడానికి కావలసిన కూరగాయలో పళ్ళో. 1950లో వచ్చిన చట్టం కోళ్ళనీ కుందేళ్ళనీ పెంచుకోనిచ్చింది, వ్యాపారానికి కాకపోతే. పుంజుల్ని మాత్రం చాలా సైట్లలో రానివ్వరు. చుట్టూ ఇళ్ళున్నాయి, ఎండాకాలం నాలుగున్నరకే తెల్లవారుతుంది, పాపం వాళ్ళూ నిద్రపోవాలి.

ఇక కొలత. పూర్తి మడి అంటే 10 రాడ్లు. రాడ్ అనేది పాతకాలపు కొలత, ఇప్పుడు అలాట్‌మెంట్ వాళ్ళు తప్ప ఎవరూ వాడరనుకుంటా. లెక్క కడితే 302.5 చదరపు గజాలు, ఎకరంలో సరిగ్గా పదహారో వంతు. మన లెక్కలో ఆరుంపావు సెంట్లు. ఈ కొలత ఎవరి కోసం పుట్టిందో గుర్తుంచుకోవాలి. ఊరుమ్మడి నేలలకి కంచెలు పడి, ఆవు కట్టేసుకునే చోటు కూడా పోగొట్టుకున్న కూలి కుటుంబాల కోసం మొదలైన ఏర్పాటు ఇది. ఇంటినిండా జనం, సంపాదన అంతంత మాత్రం, మడిలో కాసింది కడుపుకి ఆసరా. రెండో ప్రపంచ యుద్ధంలో 'డిగ్ ఫర్ విక్టరీ' అని ప్రభుత్వం ప్రచారం చేస్తే మడుల సంఖ్య సుమారు 14 లక్షలకి చేరింది. చూడండి, ప్రచారమంతా తవ్వమనే. కోయమని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. రేషన్ రోజుల్లో కాయని తీగమీద ముదరనిచ్చేదెవరు?

ఇప్పుడు ఆ ఆరుంపావు సెంట్లూ ఇద్దరు ఉద్యోగస్తుల చేతికి వస్తున్నాయి. వాళ్ళు వారానికోసారి వస్తారు. ఆ వారంలో మొక్కలు ఏం చేస్తాయో ఆగస్టులో ఒక శనివారం నాతో వస్తే తెలుస్తుంది.

ఆరింటికల్లా అక్కడుండాలి, ముందు ఆకుకూరల కోసం. లెట్యూస్, చార్డ్, పాలకూర రాత్రంతా నీళ్ళు తాగి పొద్దున బిర్రుగా ఉంటాయి. తొమ్మిదింటికి ఎండ తగిలాక కోస్తే ఇంటికి చేరేసరికి తోటకూర కాడలా వేలాడతాయి. ఈలోగా లెట్యూస్‌లో రెండు మూడు నడుమ కాడ సాగి పైకి లేచి ఉంటాయి. పగటి పొద్దు ఎక్కువై, వేడి పెరిగిందంటే అది పూతకి వెళ్ళిపోతుంది, ఆకు చేదెక్కుతుంది. పోయినవారం కోయాల్సిన మొక్క అది. పీకి కంపోస్టులో వేయడం తప్ప దారి లేదు.

తర్వాత కోర్జెట్లు, అంటే మన దగ్గర జుకినీ పేరుతో అమ్మేవి. గరుకాకుల కింద చెయ్యి పెడితే చర్మం దురద పెడుతుంది, అందుకని చాలామంది పైపైన చూసి వదిలేస్తారు. అక్కడే దొరుకుతుంది అసలు దొంగ. గురువారం జానెడు కూడా లేని కాయ, కాస్త వెచ్చగా ఉండి నాలుగు చినుకులు పడితే, మంగళవారానికి మోచేయంత అవుతుంది. ఇక్కడ దాన్ని మారో అంటారు, మారోలకి పోటీలు కూడా పెడతారు. మా అమ్మ ఓ వేసవికి నా దగ్గరికి వచ్చినప్పుడు, పక్క మడి పెద్దాయన అలాంటిదొకటి రెండు చేతులా ఎత్తుకొచ్చి బహుమతిగా ఇచ్చాడు. ఆయన వెళ్ళేదాకా నవ్వుతూ నిలబడి, వెళ్ళాక అమ్మ నన్నడిగింది: "ఏమే, పాపం విత్తనానికి ఉంచుకున్నదాన్ని మనకిచ్చేశాడా?"

మొక్క కోరుకునేదీ అదే. దానికి మన కూర సంగతితో పనిలేదు, విత్తనం ముదరాలి, అంతే. ఒక కాయలో గింజలు గట్టిపడుతుంటే మొక్క తయారుచేసుకున్న చక్కెరలు అటే వెళతాయి, ఆ గింజల నుంచి వచ్చే హార్మోన్లు కొత్త పూతనీ కొత్త పిందెల్నీ అణిచిపెడతాయి. కాయ కోసేస్తే మొక్క పని మళ్ళీ మొదటికొస్తుంది, ఇంకో పువ్వు పూస్తుంది. అంటే వేసవిలో కోత అనేది సాగు ముగిశాక వచ్చే ఫలం అనుకోవడం పొరపాటు. నీళ్ళు పెట్టడం, కలుపు తీయడం ఎలాగో కోయడమూ అలాగే సాగులో ఒక పని, నా దృష్టిలో ఆ మూడింట్లో మొదటిది. రెండు కోర్జెట్ మొక్కల్ని రెండ్రోజులకోసారి కోసేవాళ్ళకి సీజన్ చివరిదాకా లేత కాయలు దొరుకుతాయి. ఆరు మొక్కలు పెట్టి ఆదివారం ఆదివారం వచ్చేవాళ్ళకి దొరికేవి దుడ్డుకర్రలు. (ఒక జాగ్రత్త: కోర్జెట్ ముక్క నాలుకకి గట్టిగా చేదు తగిలితే ఉప్పూ కారం వేసి సరిపెట్టకండి, పారేయండి. కుకుర్బిటసిన్ అనే చేదు పదార్థం ఎక్కువైతే కడుపు పాడవుతుంది, వండినా అది పోదు.)

రన్నర్ బీన్స్ దగ్గర ఇంకా పొద్దు పోతుంది. కర్రల పందిరి నిండా ఎర్రటి పూలు, చూడ్డానికి మహా అందం. కాయలు మాత్రం ఆకు రంగులో ఆకు వెనకే ఉంటాయి. ఆ వరసని ఒకవైపు నుంచి కోసుకుంటూ వెళ్ళి, మళ్ళీ రెండోవైపు నుంచి రావాలి, ఆ తర్వాత వంగి కింద నుంచి పైకి చూడాలి. అంతా అయ్యాక ఇంకో నాలుగు కనిపిస్తాయి. కాయలో గింజ పైకి ఉబ్బి కనబడుతుందంటే అప్పటికే నార కట్టేసినట్టు. అలాంటివి వండుకోకపోయినా సరే, తెంపి పడేయాలి. వదిలేస్తే తీగ 'నా పని అయింది' అనుకుంటుంది. చాలామంది చేయని పని ఇదే. తినేవే కోస్తారు, తిననివి తీగకే వదిలేస్తారు, రెండు వారాలకి పూత ఆగిపోయిందని ఎరువు వేస్తారు. అన్నట్టు, పిల్లలు పచ్చివి నమలకుండా చూడాలి. ఈ జాతి చిక్కుళ్ళలో ఉండే లెక్టిన్ ఉడికితేనే విరుగుతుంది.

ఇదంతా అయ్యేసరికి పదవుతుంది. ఇంకా టమాటా పిలకలు గిల్లలేదు, కాబేజీ మీది వల ఎత్తి తెల్ల సీతాకోకచిలుక గుడ్లు చూడలేదు. నీళ్ళు పెట్టడం సరేసరి.

నీళ్ళ దగ్గర లెక్క ఇంకా తేటగా తెలుస్తుంది. చాలా సైట్లలో హోస్ పైపు పెట్టనివ్వరు, తొట్టిలో క్యాను ముంచి మోసుకోవాలి. ఒక చదరపు మీటరుకి 10 లీటర్లు పోస్తే 10 మిల్లీమీటర్ల వాన కురిసినట్టు, ఎండల్లో అది పెద్ద తడేమీ కాదు. పూర్తి మడి సుమారు 253 చదరపు మీటర్లు. అంటే ఒక్కసారి తడపాలంటే పది లీటర్ల క్యాన్లు 253. రెండున్నర టన్నుల నీళ్ళు చేత్తో మోయాలి! 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది, ఈ దేశం ఎన్నడూ చూడని ఎండ. ఆ వేసవి పూర్తి మళ్ళున్నవాళ్ళు ఎవరూ మడంతా తడపలేదు, తడపలేరు కూడా. ఏది బతకాలో ఎంచుకున్నారు. ఎండకి రన్నర్ బీన్స్ పూత రాలిపోయింది. ఓ రోజు ఎండగట్టి ఓ రోజు ముంచెత్తిన టమాటాలకి అడుగున నల్లటి మచ్చ వచ్చింది. నేలలో కాల్షియం ఉన్నా, నీళ్ళు నిలకడగా అందకపోతే అది కాయదాకా చేరదు. నీళ్ళు మోయగలిగినంత మేరే కోతకి పనికొచ్చిన మడి, మిగతాది అద్దె కట్టిన ఖాళీ స్థలం.

ఇక్కడ పక్క మడి పెద్దాయన అడ్డం పడతాడు. ఆయన మాట వినదగ్గదే. "నాకు పూర్తి మడుంది, నేనెప్పుడైనా టెన్షన్ పడటం చూశావా?" అంటాడు. నిజమే, చూడలేదు. ఎందుకంటే ఆయన మడిలో మూడొంతులు ఒకేసారి తీసే పంటలు. బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి, గుమ్మడి. ఉల్లికాడలు వాటంతటవే పక్కకి వాలేదాకా ఉల్లి జోలికి వెళ్ళడు. కాడ మెడ దగ్గర చేత్తో వంచితే తొందరగా తయారవుతుందని కొందరంటారు గానీ, వంచిన చోట కుళ్ళు పడుతుంది. శరదృతువులో నాటిన వెల్లుల్లి వేసవి నడిమికి కింది ఆకులు పండగానే పెల్లగిస్తాడు. ఆలస్యమైతే గడ్డ విచ్చుకుని రెబ్బలు విడిపోతాయి, నిలవుండదు. ఒక్కొక్కదానికి ఏడాదికి ఒక్క రోజు కోత, తర్వాత ఆరబెట్టడం, ఆపైన షెడ్డులో వేలాడదీయడం. ఆయనకి ఆగస్టు కూడా మిగతా నెలల్లాంటిదే.

ఆస్పరాగస్ దగ్గరైతే ఆయన నేర్పు కోయకపోవడంలో ఉంది. జూన్ నడిమి దాటాక ఒక్క మొలక తెంపడు. ఆకు పెరిగి వేరుకి బలం చేరితేనే వచ్చే ఏడు పంట. పుల్లటి కాడల కోసం పెంచే రూబార్బ్ కూడా అంతే, వేసవి ముదిరాక దానికి విశ్రాంతి.

కాబట్టి నేల విస్తీర్ణం ఒక్కటే చూస్తే చాలదని ఒప్పుకుంటాను. అందులో ఎంత భాగం రోజూ కోయాల్సినవి, ఎంత భాగం ఒక్కసారి కోయాల్సినవి అన్నది అంతకన్నా ముఖ్యం. చిక్కేమిటంటే కొత్తగా వచ్చినవాళ్ళు విత్తనాల ప్యాకెట్ల మీది బొమ్మలు చూసి మొదటి రకాలే కొంటారు. బఠానీ, బీన్స్, దోస, కోర్జెట్, స్వీట్ కార్న్. చాలావరకు వేసవి నడిమిలో ఒకదాని మీద ఒకటి చేతికొస్తాయి, ఏదీ ఆగదు. స్వీట్ కార్న్ కండెకి పీచు గోధుమరంగు తిరిగాక గోరు గుచ్చితే పాలలాంటి రసం రావాలి. నీళ్ళలా వస్తే తొందర, ముద్దలా ఉంటే ఆలస్యం. కోసిన క్షణం నుంచి తీపి పిండిగా మారిపోతూ ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బడికి సెలవులు, అందరూ ఊళ్ళు తిరిగేదీ అప్పుడే.

బంగాళాదుంపకీ ఒకటుంది, తెగులు. 1845లో ఐర్లండ్ పంటని నాశనం చేసి ఘోరమైన కరువుకి దారితీసిన అదే బ్లైట్ ఇప్పటికీ ప్రతి వేసవీ చుట్టం చూపుగా వస్తుంది. వరసగా రెండు రోజులు కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకి తగ్గకుండా ఉండి, ఆ రెండు రోజులూ కనీసం ఆరేసి గంటలు గాలిలో తేమ 90 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే జాగ్రత్తపడాలని స్కాట్లండ్‌లోని జేమ్స్ హట్టన్ పరిశోధన సంస్థ తేల్చిన లెక్క. 2017 నుంచి ఇక్కడ హెచ్చరికలు దాన్నిబట్టే వస్తున్నాయి. ఆకుమీద గోధుమరంగు మచ్చ కనబడిన రోజునే పైమొక్క మొత్తం నేలమట్టంగా కోసి తీసేయాలి, దుంపల్ని కనీసం రెండు వారాలు నేలలోనే ఉంచాలి. తొక్క గట్టిపడుతుంది, పైన రాలిన తెగులు బీజాలు చచ్చిపోతాయి. శనివారం చూసిన మచ్చని వచ్చే శనివారందాకా వదిలేస్తే మనదే కాదు, పక్కవాళ్ళ టమాటాలు కూడా పోతాయి. సైటంతా చిరాకు పడేది కలుపు ఉన్నవాళ్ళ మీద కంటే ఇలాంటివాళ్ళ మీదే.

కానీ ఏటా జరిగే తనిఖీలో చూసేది కలుపునే. బోర్డు పట్టుకుని ఒకరిద్దరు దారెంట నడుస్తారు. గడ్డి మోకాలెత్తు ఉందా, నేల సాగులో ఎంతవరకు ఉంది అని రాసుకుంటారు, తక్కువైతే నోటీసు ఇస్తారు. నేల నల్లగా శుభ్రంగా దున్నినట్టుండి, చాలు మీద బీన్స్ ఎండి గలగలలాడుతున్నా, మారోలు కుళ్ళి స్లగ్స్ (గుల్లలేని నత్తలు) పాలవుతున్నా ఆ మడికి మంచి మార్కులే. ఓ మూల గడ్డి పెరిగినా, ఉన్న నాలుగు చాళ్ళలో ప్రతి కాయా వంటింటికి చేరే మడికి నోటీసు. 1922 చట్టం తినడానికి పండించమంది. మరి తిన్నారా లేదా అన్నది ఎవరూ అడగరేం? తనిఖీని జూన్ నుంచి ఆగస్టుకి మార్చి, కోయకుండా వదిలేసిన చాళ్ళు లెక్కపెడితే, ఎవరికి ఎంత నేల ఎక్కువైందో ఒక్క పూటలో తేలిపోతుంది.

మిగిలింది పంచడం. ఇది కూడా కోతలో భాగమేనని నా నమ్మకం, ఎందుకంటే ఇచ్చేచోటు ముందే చూసుకోకపోతే కోయడానికి మనసొప్పదు. మా గేటు దగ్గర ఒక బల్ల ఉంది, ఎక్కువైనవి అక్కడ పెడితే ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకెళతారు. ఆగస్టులో ఆ బల్ల మీద కోర్జెట్లు తప్ప ఏమీ ఉండవు. అందరి దగ్గరా ఉన్నవి అందరూ పెడితే తీసుకునేదెవరు? నేను తాజాగా కోసిన బీన్స్ ఆఫీసుకి తీసుకెళతాను, అక్కడ మడి ఉన్నది నాకొక్కదానికే. ఫుడ్ బ్యాంకుల్లో కొన్ని తాజా కూరలు తీసుకుంటాయి, ఏ రోజు తీసుకుంటారో ముందే కనుక్కుని ఆ రోజు పొద్దున్నే కోయాలి.

ఇప్పుడు పాతకాపుల కోపం సంగతి. మడి ఖాళీ అయినప్పుడల్లా దాన్ని రెండు ముక్కలు, ఒక్కోసారి నాలుగు ముక్కలు చేసి కొత్తవాళ్ళకి ఇవ్వడం చాలా కౌన్సిళ్ళకి అలవాటైంది. పాతవాళ్ళు ఏమంటారంటే, ఇది వెయిటింగ్ లిస్టు తగ్గించి చూపించే కిటుకు, కొత్త నేల ఇవ్వకుండా ఉన్నదాన్నే తరగడం. ఆ అనుమానం సరైనదే. సగం మడి చాలన్న నా మాట సాగుదారుకి చెప్పే సలహా. కౌన్సిల్ దాన్ని సాకుగా పట్టుకుంటే ఒప్పుకోను. సగం మళ్ళు అడిగేవాళ్ళు పెరిగితే సగం మళ్ళే ఎక్కువ సంఖ్యలో వేయాలి, అందుకు నేల కావాలి. ఆరుగురి సంతకాల వెసులుబాటు చట్టంలో ఇంకా ఉంది. మడుల కోసమే సంపాదించిన స్థలాన్ని మంత్రి అనుమతి లేకుండా అమ్మకూడదని 1925 చట్టం కౌన్సిళ్ళ చేతులు కట్టేసింది కూడా. వీటిని వాడుకోకుండా, ఎవరికి వారు పది రాడ్లు పట్టుకుని అందులో ఏడు రాడ్లు ముదరబెట్టి, హక్కు కాపాడుతున్నాం అంటే నాకు రుచించదు. పిల్లలు పెద్దవాళ్ళై ఇల్లు ఖాళీ అయినవాళ్ళు సగం వదులుకునే వీలూ ఉండాలి, మళ్ళీ కావాలంటే అడిగే వీలూ ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల వదిలితే వదిలినట్టే, అందుకే ఎవరూ వదలరు.

నా వరకు నాకున్నది సగం మడి, అంటే మూడు సెంట్లు దాటి కాస్త. వచ్చే ఏడు అందులోనూ దూరంగా ఉన్న భాగమంతా గుమ్మడి, ఉల్లి, బ్లైట్ తట్టుకుంటుందని పేరున్న సార్పో మీరా బంగాళాదుంప. కోర్జెట్ రెండే మొక్కలు, అదీ గేటు నుంచి వచ్చే దారి పక్కన, ఆఫీసు నుంచి ఇంటికెళుతూ కారు ఆపి కోసుకునేలా. రన్నర్ బీన్స్ ఒక్క పందిరి. బఠానీ అసలు పెట్టను, అది ఒలిచే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు.